కళ్ళారా చూసినవాడు

రేచీకటికి మునగాకు తినమని చెప్పినవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి నా క్లాసు వినిపించాలని ఉంది. రేపల్లెలో మా వీధి మొత్తం అందులోకి వస్తుంది. మా అమ్మ రాఘవమ్మకైతే మొదటి బెంచీ. బాపట్ల నుంచి వచ్చినప్పుడల్లా సొరచేప కాలేయం ఎండబెట్టి పొట్లం కట్టుకొచ్చేది. "రోజూ కాస్త పెట్టవే తిరపతమ్మా, పిల్లకి రాత్రి చూపు వచ్చిద్ది" అనేది. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. తిండి లోపం వల్ల వచ్చే రేచీకటి వేరు, పుట్టుకతో వచ్చేది వేరు అని ఏటా బోర్డు మీద రాసి మరీ చెబుతాను. సొంత అమ్మ దగ్గర మాత్రం నా చదువు ఎందుకూ పనికిరాలేదు.

నా కూతురు సాహితి ఒకటో తరగతి. పగలు దానికి చూపులో ఏ లోటూ లేదు. మేడ మీద వాలిన పిట్ట రంగు కూడా చెబుతుంది. పొద్దుగూకిందా, ఇక నా కొంగు వదలదు. కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే నిలబడిపోయి "అమ్మా, లైటెయ్యవే" అని ఏడుస్తుంది. మొదట్లో భయమనుకున్నాం. భయం కాదని తెలిశాక తెనాలిలో కంటి డాక్టరు దీవెన గారికి చూపించాం.

ఆవిడ మంచిది. పిల్లని చీకటి గదిలో కూర్చోబెట్టి, కంటికి సన్నటి తీగ ఆనించి, మెరుపుల్లాంటి వెలుతురు వేసి, కన్ను ఎలా పలుకుతుందో గీతలుగా తీసే పరీక్ష చేయించారు. సాహితి ఊరుకుంటేగా! ఏడ్చి, తల విదిలించి, తీగలు పీకేసింది. వచ్చిన గీత కోడి కెలికిన ముగ్గులా ఉంది.

"మీరు జువాలజీ కదండీ, దాచకుండా చెబుతాను" అన్నారు దీవెన గారు. "రెటీనాలో వెలుతుర్ని పట్టే కణాలు చీకట్లో ఊరికే కూర్చోవు. గ్లూటమేటు వదులుతూనే ఉంటాయి."

"ఫాస్ట్‌ఫుడ్ బండి మీద నూడుల్స్‌లో చల్లే టేస్టింగ్ సాల్టులో ఉండేది" అన్నాడు పక్కనుంచి మా ఆయన నాగశివ. ఆ ముక్క నేనే ఎప్పుడో చెప్పాను.

"అదేనండీ. వెలుతురు పడితే ఆ వదలడం తగ్గుతుంది. పక్క కణం మీద గ్లూటమేటు రిసెప్టరు ఉంటుంది. అది ఆ తగ్గడాన్ని పసిగట్టి, వెలుతురొచ్చిందని కబురు ముందుకు పంపాలి. పాపకి ఆ రిసెప్టరే పనిచేయట్లేదనుకోండి, మొదటి కణాలు బాగానే ఉన్నట్టు, కబురు అందుకునేవాళ్ళే లేనట్టు. పగటి చూపుకి వేరే దారి కూడా ఉంది కాబట్టి పగలు ఇబ్బంది ఉండదు. ఈ రకం రేచీకటి పుట్టినప్పుడు ఎంతుందో ముసలితనంలోనూ అంతే. పెరగదు."

"రెండో రకమైతేనండీ?" అన్నాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

"మొదటి కణాలే చచ్చిపోతూ వస్తాయి. ముందు రాత్రి చూపు, తర్వాత పక్క చూపు, ఆ తర్వాత..." ఆవిడ రిపోర్టు తిరగేశారు. రక్తపరీక్షలో ఆ రిసెప్టరు జన్యువులో ఒక మార్పు దొరికింది గానీ, అది ఇంతవరకూ ఎవరిలోనూ చూడని మార్పట. దోషమో కాదో తేల్చలేమని ల్యాబువాళ్ళు అన్నారట. "మీ కుటుంబంలో పెద్దవాళ్ళెవరికైనా చిన్నప్పటినుంచి ఇలాగే ఉండి, ఇప్పటికీ పగలు బాగా కనిపిస్తుంటే చెప్పండి. వాళ్ళకి పరీక్ష చేస్తే పాప సంగతి తేలిపోతుంది. మీది మేనరికమా?"

"అవునండీ" అన్నాను. జువాలజీ చదివి మేనరికం చేసుకున్నదాన్ని, తల ఎత్తలేకపోయాను.

కానీ నేను కళ్ళు మూసుకుని చేసుకోలేదు. నాగశివ మా మేనమామ దానయ్య కొడుకు. పెళ్ళిమాట వచ్చినప్పుడు అమ్మని నిలదీసి అడిగాను. మన వంశంలో చెవుడు, మూగ, కంటి జబ్బు ఏదన్నా ఉందా అని. అమ్మ నా నెత్తిన చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు. మన వంశంలో కళ్ళజోడు పెట్టినోడే లేడు" అంది. నెత్తిన చెయ్యి పెట్టాక ఇంకేం అడుగుతాం?

తెనాలి నుంచి వచ్చినప్పటినుంచి నాగశివ మనిషి మారిపోయాడు. నిజాంపట్నం హార్బర్లో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. ఏది పాడైనా బాగుచేసేయాలన్న ఆత్రం అతనిది. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి సాహితి కళ్ళకి తువ్వాలు కట్టి, "గోడ పట్టుకోకుండా వంటింట్లోకి రా తల్లీ" అంటూ నడిపిస్తున్నాడు. పిల్ల ఆట అనుకుని కిలకిలా నవ్వుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటి బావా ఇది? బుద్ధుందా?"

"కళ్ళు పోయాక నేర్పితే ఏడుస్తది. ఇప్పుడైతే నవ్వుతా నేర్చుకుంటది" అన్నాడు. నేను తువ్వాలు లాగేసి స్నానాలగదిలోకి పోయి, కుళాయి తిప్పి, ఏడ్చాను. ఆ తువ్వాలు ఆట తర్వాత కూడా ఆగలేదు.

ఆ వారమే సాహితిని తీసుకుని బాపట్ల వెళ్ళాను. సూర్యలంక దారిలో సముద్రం పక్కన మా పల్లె. అమ్మ ఇల్లు, మామయ్య ఇల్లు పక్కపక్కనే. మామయ్య గురించి చెప్పాలి. నా చిన్నప్పుడే మా నాన్న సముద్రంలో పోయాడు. అమావాస్య రోజుల్లో, వల వేసి పడవలో అందరూ పడుకుంటే కాపలా ఉన్నది మామయ్యే. అల కొట్టి నాన్న పడిపోవడం, మునిగిపోవడం ఆయన కళ్ళారా చూశాడట. శవం దొరకలేదు. అప్పటినుంచి మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే మామయ్య వల్లే. నా ఎమ్మెస్సీ ఫీజు కట్టింది ఆయన, నన్ను కోడలిగా చేసుకున్నదీ ఆయన. మామయ్యా అని పిలిచినా, నాన్న అన్న మాటకి నాకు గుర్తొచ్చే మొహం ఆయనదే.

ఆ సాయంత్రం మామయ్య వాకిట్లో పిల్లకి ఇసుకలో పీత బొరియలు చూపిస్తున్నాడు. వెలుతురు తగ్గుతుంటే ఎప్పటిలాగే లేచి బల్బు వేశాడు. పొద్దుగూకితే కోళ్ళతోపాటే ఇంట్లోకి పోతాడని చిన్నప్పుడు కోడిమామయ్య అని వెక్కిరించేవాళ్ళం. నేను కూర గిన్నె తీసుకుని మా వాకిట్లోంచి వస్తున్నాను. కరెంటు పోయింది. ఇంకా మసక వెలుతురుంది, నాకు దడి కర్రలు కూడా కనిపిస్తున్నాయి. వాకిలి మధ్యలో తాతా మనవరాలూ నడుస్తున్నవాళ్ళు నడుస్తున్నట్టే ఆగిపోయారు. ఇద్దరి చెయ్యీ ఒకేలా ముందుకు చాచి ఉంది.

"తాతయ్యా, నీక్కూడా కనపడట్లేదా?" అంది సాహితి.

నేను ఆయనకి ఎదురుగా వెళ్ళి, పలకకుండా నిలబడ్డాను. మామయ్య చూపు నన్ను దాటిపోయి ఎటో ఉంది. గిన్నె అక్కడే కింద పెట్టేశాను. ఈయనకి ఉంది! పగలు ఈ వయసులో కళ్ళజోడు లేకుండా వల కుట్టే మనిషికి ఉంది! అంటే నా కూతురి కళ్ళు పోవు.

"మామయ్యా, నీకు రేచీకటా?" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఛఛ, అదేం కాదు. వయసు. మసక" అన్నాడు. తెనాలి వచ్చి పరీక్ష చేయించుకో అంటే, "నేను రాను" అన్నాడు. బతిమాలాను. పిల్ల భవిష్యత్తు అన్నాను. జన్మలో నన్ను కసరని మనిషి, "రానని చెప్తన్నానా! ఒకసారి చెప్తే అర్థం కాదా నీకు?" అని కసిరాడు. అమ్మనడిగితే, "వాడికేం జబ్బు? వాడు సముద్రం మీద రాత్రిళ్ళు కాపలా కాసినోడు" అని మొహం తిప్పుకుంది. ఎంత పరువైనా మనవరాలి కళ్ళ కంటే ఎక్కువా అని తిట్టుకుంటూ తిరిగొచ్చాను.

తర్వాతి ఆదివారం మామయ్య పండుగప్పలు పట్టుకుని రేపల్లె వచ్చాడు. తలుపు తీసేసరికి ఎదురుగా తువ్వాలు ఆట. సాహితి కళ్ళకి గంతలు కట్టుకుని, చేతులు చాచుకుని వచ్చి తాతయ్య కడుపుకి గుద్దుకుంది. "నాన్న నాకు గుడ్డిగా ఉండటం నేర్పిస్తన్నాడు తాతయ్యా" అంది.

మామయ్య చేపల సంచీతోనే గుమ్మంలో కూలబడిపోయాడు. పిల్ల కళ్ళకున్న తువ్వాలు విప్పి, "రేపు తెనాలి పోదాం అమ్మాయ్. ఈ వయసు మసకేదో చూపిచ్చుకుంటే పోయిందేముంది" అన్నాడు. నాగశివ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

మర్నాడు పిల్లని నాగశివ దగ్గర వదిలి మేమిద్దరమే వెళ్ళాం. పరీక్షలో మామయ్య రాయిలా కదలకుండా కూర్చున్నాడు. గీత శుభ్రంగా వచ్చింది. దీవెన గారు వేలు పెట్టి చూపించారు. మెరుపు పడగానే గీత కిందికి దిగింది. అంటే మొదటి కణాలు బతికున్నాయి, పనిచేస్తున్నాయి. ఆ తర్వాత గుట్టలా పైకి లేవాలి. లేవలేదు. కబురు పక్క కణానికి అందలేదు. సాహితి గీతలో అంత గందరగోళంలోనూ ఆ దిగుడు ఉంది, లేవడం లేదు. తాత రక్తంలోనూ అదే మార్పుందేమో చూడటానికి రక్తం కూడా తీసుకున్నారు గానీ, "ఈ గీత చాలు నాకు" అన్నారావిడ.

"ఎప్పటినుంచి తాతగారూ?"

మామయ్య నావైపు చూడలేదు. "పుట్టినకాణ్ణుంచీ డాక్టరమ్మగారూ. చుక్కలు చుక్కలంటారే, నేనెప్పుడూ చూళ్ళా."

"మరి రాత్రిళ్ళు వేటకెలా వెళ్ళేవారండీ?"

"లైట్లు కనపడతయ్యమ్మా. దూరాన ఓడ లైటు కనపడిద్ది, వల చివర కట్టిన దీపం కనపడిద్ది. కాపలాకి అంతకంటే ఏం కావాల? ఎవురికీ తెలీలా. నీళ్ళు మాత్రం కనపడవు."

దీవెన గారు నా చేతులు పట్టుకున్నారు. "డెబ్భై ఏళ్ళు దగ్గరపడుతున్నా పగటి చూపు చెక్కుచెదరలేదు. మీ పాపకీ అంతే. ధైర్యంగా ఉండండి. కళ్ళు పోవు." నేను ఆవిడ ముందే మామయ్య మెడ కావిలించుకుని భోరుమన్నాను. నాగశివకి ఫోన్ చేసి, "పిల్ల కళ్ళు పోవు. ఆ తువ్వాలు పొయ్యిలో పెట్టు, మిగతాది వచ్చాక చెబుతా" అన్నాను.

ఆ సంతోషం స్టేషన్ దాకా ఉంది. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని ఇద్దరం బజ్జీలు తింటున్నాం. డాక్టరుతో అన్న మాటలు నాలో నేను మళ్ళీ చెప్పుకుంటున్నాను, నాగశివకి ఉన్నదున్నట్టు చెప్పాలని. పుట్టినకాణ్ణుంచీ. లైట్లు కనపడతాయి. నీళ్ళు కనపడవు. బజ్జీ నోట్లోనే ఆగిపోయింది.

"మామయ్యా, నాన్న మునిగిపోవడం నువ్వు ఎట్లా చూశావు?"

ఆయన పొట్లం మడిచి పక్కన పెట్టాడు. "నువ్వు అడుగుతావనే రానన్నాను" అన్నాడు.

చెప్పాడు. నీళ్ళల్లో పడ్డ చప్పుడు విన్నాడు. నాన్న "దానిగా" అని మామయ్య పేరే పిలిచాడు. ఒకసారి కాదు. గాలి హోరులో ఏ వైపునుంచో తెలియలేదు. పడుకున్నవాళ్ళని లేపితే వాళ్ళు ఎక్కడ, ఎక్కడ అన్నారు. కాపలావాడు నాకు కనపడదు అనాలి. అనలేదు. "ఏదో ఒక పక్క చూపిచ్చా అమ్మాయ్. వాళ్ళు అటు పోయారు. పిలుపు ఇంకో పక్కకి పోయింది." తెల్లారి ఒడ్డుకి వచ్చాక మిగతా పడవలు వెతకడానికి సిద్ధమయ్యాయి. మళ్ళీ ఎక్కడ, ఎట్లా అని అడుగుతారు. అందుకని, మునిగిపోయాడు, కళ్ళారా చూశాను అనేశాడు. చూసినవాడు చెప్పాక ఇంక వెతికేదేముంది? పడవలు ఆగిపోయాయి.

మా నాన్న ఎంత ఈతగాడో పల్లెలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పొద్దున దాకా తేలుతూ ఉన్నాడేమో. పడవ వస్తుందని చూస్తూ ఉన్నాడేమో. ఈ చేతుల్తో నేను అన్నం తిన్నాను. ఈయన వేలు పట్టుకుని బడికి వెళ్ళాను. "నీ మొహం చూడలేను, నేను అమ్మ దగ్గరికి పోతా, నువ్వు రేపల్లె బండెక్కి పో" అన్నాను. "పిల్లని చూసుకుని పొద్దున్నే పోతానమ్మా" అన్నాడు. ఆయన లేచి రేపల్లె బండి వైపు నడిచాడు. నేను పట్టాలు దాటి బాపట్ల బండెక్కాను.

దారంతా అమ్మ కోసమే ఏడ్చాను. ఇన్నేళ్ళూ మొగుణ్ణి వదిలేసినవాడి చేతి కూడు తింది పాపం, ఈ మాట దానికెలా చెప్పాలి, చెబితే బతుకుతుందా అని. మా వాకిట్లోకి వెళ్ళేసరికి పొద్దు దిగిపోతోంది. అమ్మ ఎండుచేపలు తట్టలోకి ఎత్తుతోంది.

"పిల్లకి చూపు ఉంటదంటగా! నాగశివ ఫోన్ చేశాడు" అంటూ నవ్వుతూ ఎదురొచ్చింది. నేను చేపల తట్ట పక్కనే కూలబడి చెప్పేశాను. మామయ్య ఏమీ చూడలేదమ్మా, అబద్ధం చెప్పాడమ్మా, నాన్నని వెతకనివ్వలేదమ్మా అని.

అమ్మ గుండెలు బాదుకోలేదు. తట్టలో చేపలు సర్దుతూనే ఉంది. "చూళ్ళేదని నాకు తెలుసు" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు తెలిసింది?"

"ఆ పొద్దున్నే. చిన్నప్పుడు పొద్దుగూకితే వాణ్ణి చెయ్యి పట్టుకుని తిప్పింది నేనేగా. కళ్ళారా చూశానని వాడు ఒడ్డున నిలబడి చెప్తంటే నేను అక్కడే ఉన్నా. వాడికి కనపడదు, పొండి, వెతకండి అందామని నోరు తెరిచా. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రేచీకటోడు కాపలా కాశాడని తెలిస్తే ఇక్కడే కొట్టి చంపుతారే, మొగుణ్ణి పోగొట్టుకున్నావు, తమ్ముణ్ణి కూడా పోగొట్టుకుంటావా అంది."

"నువ్వు నోరు మూసుకున్నావు."

"మూసుకున్నా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడిద్ది తిరపతమ్మా. నువ్వు చంకలో ఉన్నావు. ఎవరు సాకుతారు మనల్ని?"

"మరి నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశావు! తెలిసి తెలిసి నన్ను ఆ ఇంటికే ఇచ్చావు!"

"బయటోడికి ఇస్తే దానయ్య మనకి దూరమైపోయేవాడు. నిన్ను కోడల్ని చేసుకుంటే నెత్తిన పెట్టుకుంటాడని ఇచ్చా. పెట్టుకోలా?" అమ్మ మొదటిసారి నా మొహంలోకి చూసింది. "నాకు తెలుసన్న సంగతి వాడికి తెలీదే. నువ్వు చెప్పమాక. ఈ వయసులో తట్టుకోలేడు."

మా నాన్న నీళ్ళల్లో, నేను నా మేనరికంలో, నా కూతురు దాని చీకట్లో. అందరం ఈమె తమ్ముడి కోసమే! ఈమెకి ఇప్పటికీ వాడి మనసు నొచ్చుకుంటుందనే బెంగ. "అమ్మ" అనే పిలుపు మీదే నాకు అసహ్యం పుట్టింది. లేచి వెళ్ళిపోదామని చూస్తే వీధిలో లైటు వెలిగింది. అప్పుడు గుర్తొచ్చింది, రేపల్లె బండి చేరే వేళవుతోంది. చీకటి పడుతుందని ఆయనా అనలేదు, నాకూ తట్టలేదు.

నాగశివకి ఫోన్ చేశాను. "బావా, స్టేషన్‌కి పో. మామయ్య దిగుతాడు. వంతెన మెట్లు ఎక్కనివ్వకు, చెయ్యి పట్టుకో. ఆయనకి చీకట్లో ఏమీ కనపడదు."

"వయసు మసకేగా, నేను పోతాలే" అన్నాడు.

"వయసు కాదు. పుట్టినప్పటినుంచీ కనపడదు."

"ఏయ్, చెప్పమాక" అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ పొద్దున వాళ్ళమ్మా ఇట్లాగే పట్టుకుని ఉంటుంది. విదిలించుకున్నాను.

అటునుంచి తాళాల చప్పుడు ఆగిపోయింది. బండి స్టార్ట్ చేయబోతూ ఆగినట్టున్నాడు. "పుట్టినప్పటినుంచా? మరి ఆ రాత్రి మీ నాన్నని..." అని ఆగి, "అత్తకి తెలుసా ఇది?" అన్నాడు.

"అత్తనే అడుగు" అని స్పీకరు నొక్కి, ఫోన్ మా అమ్మ ఒళ్ళో పెట్టాను.